జోగు గింజలతో కొన్న నిద్ర

నాకిప్పుడు నిద్ర పడుతున్నది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నిద్ర పట్టని వాళ్ళెవరైనా ఇది చదివితే, చివరికి ఏమైందోనన్న బెంగతో ఉన్న కాస్త నిద్ర చెడగొట్టుకోవద్దని. రోజూ పట్టదు. పట్టని రోజు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటాను. ఒకప్పుడు రాయేదో గింజేదో కూడా తెలిసేది కాదు.

మా నాయన కోటగిరిలో ఇంటి అరుగు మీద పిల్లలకు తెలుగు చెప్పేవాడు. బళ్ళో చెప్పేది ఉర్దూ కాబట్టి, తెలుగు కావాలనుకున్న వాళ్ళు మా అరుగుకే వచ్చేవారు. ఆ పిల్లల వెనక కూర్చుని నేనూ నేర్చుకున్నాను. మా అత్తకు అక్షరం రాదు. ఇది రాస్తున్నానని చెబితే ఆమె అన్న మాట ఒకటే. "నేను చేసిన తప్పు గుడ రాయి. ఇంకొక్కతి చెయ్యకుంట." అందుకని అదీ రాస్తున్నాను.

1939, వానాకాలం

నా రెండో కాన్పు ఆషాఢంలో అయింది. పాప పుట్టింది గానీ ఏడవలేదు. మంత్రసాని పాపను కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచింది. తర్వాత పాత చీర ముక్కలో చుట్టి అవతలికి తీసుకుపోయింది. చూస్తానని నేను అడగలేదు, చూస్తావా అని వాళ్ళూ అడగలేదు. నాకు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం తగ్గినప్పటి నుంచీ నిద్ర లేదు.

నిద్ర లేకపోతే కళ్ళు మండుతాయనీ తల పగిలిపోతుందనీ అనుకుంటారు. అవి మొదట్లోనే. కొన్నాళ్ళకు అవీ ఉండవు. కూరలో ఉప్పుందో లేదో తెలియదు. ఎవరైనా పిలిస్తే పక్క వీధిలో ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది. పాప పోయినందుకు నాకు ఏడుపు రాలేదు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చేవారు, నా ముఖం చూసేవారు, కాసేపటికి కొంగు దించేసి వర్షాల గురించి మాట్లాడి వెళ్ళిపోయేవారు. వాళ్ళను ఇబ్బంది పెట్టాననిపించేది. అంతకుమించి ఏమీ అనిపించేది కాదు.

మా పెద్దది బాలమణి. అప్పటికి నాలుగేళ్ళది. ఒక ఉదయం దానికి స్నానం చేయిద్దామని కాగులోంచి వేడినీళ్ళు ముంచాను. చన్నీళ్ళు కలపలేదు. కలపాలన్న సంగతే గుర్తు రాలేదు. చెంబు ఎత్తగానే మా అత్త పరుగెత్తుకొచ్చి బిడ్డను రెక్క పట్టి లాగింది. నీళ్ళు నా పాదం మీద పడ్డాయి. పొక్కులు లేచాయి. నొప్పి తెలిసింది మరునాడు.

నా భర్త గంగారాం. బాన్సువాడ బజారులో మాకు చిన్న కిరాణా దుకాణం. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆ సాయంత్రం దుకాణం నుంచి వచ్చి నా పాదం చూశాడు, బిడ్డను చూశాడు.

"ఇగ నాతోని కాదు రుక్కమ్మా. బిడ్డకేమన్న అయితే ఎట్ల? నువ్వు కోటగిరికి పో. బాలమణి ఈడనే ఉంటది. నిద్ర పడ్డంక రా" అన్నాడు.

నిద్ర పట్టకపోతే రావద్దని దానర్థం. నాకు అర్థమైంది. బిడ్డను వదిలి పోవడమంటే భయపడాలని కూడా తెలిసింది. భయం మాత్రం రాలేదు. మా అత్త రాజవ్వే మధ్యలోకి వచ్చింది.

"ఏడాది ఆగురా. దవాఖానల చూపిద్దం. పుట్టింటికి తోలుడు ఎంతసేపు?"

ఆయన ఒప్పుకున్నాడు. ఎదురింటి వైపు చూపించి నాతో అన్నాడు. "సాయవ్వను చూడు. ఆమె మొగడు పొయ్యిండు. పని ఇడిచిందా?"

సాయవ్వ బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, వేళ్ళ మధ్య దారం. నిజాంసాగర్ కాలువ తవ్వేటప్పుడు మట్టి విరిగిపడి ఆమె భర్త చనిపోయాడు. అప్పటి నుంచీ ఆమె చెయ్యి ఆగడం ఎవరూ చూడలేదు. పొద్దున మేము లేచేసరికే అరుగు మీద ఉండేది, మేము పడుకునేటప్పుడూ ఆమె దీపం వెలుగుతూనే ఉండేది. మా వీధిలో బద్ధకం చేసే ఆడపిల్లకు ఆమెను చూపించి బుద్ధి చెప్పేవారు. నాకూ ఆమెనే చూపించారు.

అదే ఏడాది, చలికాలం

బాన్సువాడ దవాఖాన వరండాలో కూర్చోవడం నాకు అలవాటైపోయింది. కాలువలు వచ్చాక వరి వచ్చింది, వరితో పాటు దోమలూ వచ్చాయి. ఆ వరండా నిండా చలిజ్వరం వాళ్ళే. గొంగళ్ళు కప్పుకుని వణుకుతూ ఉండేవారు. వాళ్ళ మధ్య నేను ఏ జబ్బూ లేనట్టు నిటారుగా కూర్చునేదాన్ని. "నీకేమైందమ్మా?" అని అడిగేవారు. నిద్ర పట్టదంటే నవ్వేవారు. "గంతేనా!"

కాంపౌండర్ కరీం సాబ్ నవ్వలేదు. నేను నిలబడి ఉంటే తన స్టూలు తెచ్చి వేసేవాడు. సీసాలో ఎర్రమందు పోసి, ఎంత తాగాలో తెలిసేలా పక్కన గాట్లు పెట్టిన కాగితం అంటించి ఇచ్చేవాడు. ఆ మందుకు ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, నాలుక మందగించింది. నిద్ర రాలేదు. మా దూరపు బంధువొకాయన అభిని, అదే నల్లమందు, ముక్క నాలుక కింద పెట్టమన్నాడు. మా అత్త ఆయనకు అన్నం పెట్టి పంపింది గానీ అభిని తీసుకోలేదు.

చివరికి నిజామాబాద్ పొమ్మన్నారు. బస్సులో పోయి అక్కడి పెద్ద దవాఖానలో బల్ల మీద కూర్చున్నాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా వంతు రాలేదు. పక్కన కూర్చున్న ఒక మరాఠీ ముసలమ్మ తన రొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. ఆమె మాట నాకు తెలియదు, నా మాట ఆమెకు తెలియదు. తిన్నాను.

డాక్టరు విలాయతి గోళీలు రాశాడు. సన్నటి గాజు గొట్టం, మూతి దగ్గర దూది, దూది కింద తెల్ల గోళీలు. ఆ పేరు నాకు నోరు తిరగలేదు. మా అత్త తెల్లగోళి అంటే మేమందరం అదే అన్నాం. "ఈ సీలున్నదే కొనండి. విడిగా ఇచ్చేది కొనొద్దు. ఇంకొకరికి ఇవ్వొద్దు" అని డాక్టరు ఉర్దూలో చెప్పాడు, గంగారాం మాకు తెలుగులో చెప్పాడు. ఆ చివరి మాట మా అత్త చెవిన పడిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

దీపం పెట్టాక ఒకటి మింగాను. ఆ తర్వాత నాకు తెలిసింది ముఖం మీది ఎండ. బాలమణి నా పక్కనే గొంతుకూర్చుని నా ముక్కు వైపే చూస్తున్నది.

"అమ్మా, సచ్చిపొయ్యినవా?"

"లేదే. నిద్రవట్టింది. పన్న."

అది వంటింట్లోకి ఉరికి వాళ్ళ నాయనమ్మతో గట్టిగా చెప్పింది. "అమ్మ పన్నదంట!" మా అత్త పొయ్యి ముందు అలాగే కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. నోరు చేదుగా ఉంది, కాళ్ళు నావి కానట్టున్నాయి. కానీ ఆ పూట కూరలో ఉప్పు తెలిసింది.

గోళీ వేసుకున్న రోజు మనిషిని, వేసుకోని రోజు బొమ్మను. ఇంట్లో అందరికీ ఆ లెక్క తెలిసిపోయింది.

1940, వరి కోతలు

యుద్ధం సాగుతున్న కొద్దీ గొట్టం ధర పెరుగుతూ పోయింది. "జర్మనీ దవా అమ్మా. ఆడ లడాయి అయితుంది గద, జహాజు వస్తలేదు. ఉన్నయి షావుకార్లు దాచిన్రు" అన్నాడు కరీం సాబ్. గంగారాం ఒకసారి చవకగా దొరికాయని పొట్లంలో కట్టిన గోళీలు తెచ్చాడు. అది సుద్ద. ఆ వారమంతా నేను సుద్ద తిని కళ్ళు తెరుచుకుని పడుకున్నాను. ఆయన తప్పేమీ లేదు, మోసపోయాడు. గొట్టాల కోసం మా అత్త కాళ్ళ కడియాలు అమ్ముడుపోయాయి. నా చెవుల కమ్మలు పోయాయి. మా దుకాణం మా కడుపులు నింపేది, అంతకుమించి మిగిల్చేది కాదు.

ఒక మంగళవారం పొద్దున మా అత్త తలారా స్నానం చేసి, ముఖాన ఇంత పసుపు రాసుకుని, చిన్న గంపకు పసుపుబొట్లు పెట్టి చంకన పెట్టుకుంది. ఎల్లమ్మ జోగు. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆ తల్లికి మొక్కుకుని ఐదిళ్ళు అడిగే ఆచారం మాకుంది. ఎంత ఉన్నవాళ్ళైనా గంప పట్టాల్సిందే. గడప ముందు నిలబడి "ఎల్లమ్మ జోగు" అంటే ఆ ఇంటి ఆడమనిషి గింజలు పోయాల్సిందే. అలా తెచ్చిన గింజలు వండి, తల్లికి పెట్టి, పోసిన వాళ్ళకూ పంచి తినాలి. అమ్మకూడదు.

గంగారాం గడపలో అడ్డం నిలబడ్డాడు.

"దుకాణమున్నోని తల్లి గంప పట్టుకొని తిరుగుతదా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"బిచ్చం కాదురా, జోగు. బిచ్చమడిగితే రేపు రమ్మంటరు. జోగు అడిగితే ఎవలంటరు రమ్మని?"

"ఐదిండ్ల గింజలతోని ఎన్ని గోళీలొస్తయి?"

"ఐదిండ్లేనని నీకెవలు చెప్పిన్రు?"

ఆమె ఐదిళ్ళతో ఆగలేదు. ప్రతి మంగళవారం, శుక్రవారం ఒక్కో వీధి. కోతలు మొదలయ్యాక కోటగిరి వైపు కల్లాలకు పోయింది, పిట్లం వైపు పోయింది. కుప్పల ముందు నిలబడి జోగు అంటే కాపులు చేటతో పోసేవారు. కొందరు "ఎవరికమ్మా?" అని అడిగేవారు. "నా కోడలికి నిద్ర లేదు బిడ్డా" అనేది. ఒకాయన నవ్వుతూనే ఇంకో చేట పోశాడట. "నాకు గుడ లేదవ్వా, పంట ఇంటికొచ్చేదాక" అన్నాడట.

ఆ గింజలు అమ్మింది. ఎక్కడో కాదు, మా దుకాణంలోనే. తల్లి అడుక్కొచ్చిన వడ్లు కొడుకు తక్కెడలో వేశాడు. ముఖం పక్కకు తిప్పుకుని తూచాడు. ముల్లు మాత్రం తూకపురాళ్ళ వైపే మొగ్గేలా, తనకే నష్టం వచ్చేలా తూచాడని మా అత్త తర్వాత నాతో చెప్పింది. ఇంటికి వచ్చి ఆమె ఎల్లమ్మ గూటి ముందు నిలబడి ఎదురింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"తల్లీ, నీ గింజలమ్మిన. దాసిపెట్టి చేస్తలేను, నీ ముంగట్నే చెప్తున్న. నువ్వు గుడి తలుపులేసుకొని పంటవు. నా కోడలు పండుకోవద్దా?"

గొట్టాలు కరీం సాబ్ తెప్పించేవాడు. హైదరాబాద్‌లో ఆయన బావమరిది ఎవరినో పట్టుకుని సంపాదించి పంపేవాడు. కరీం సాబ్ వాటిని షేర్వాణీ లోపలి జేబులో పెట్టుకుని మా దుకాణం దాకా నడిచి వచ్చి ఇచ్చేవాడు. కొన్న ధరకే. ఆ మనిషికి మేము ఒక్కసారి ఒక తట్ట పెసలు పంపితే, సగం తీసుకుని సగం తిప్పి పంపాడు.

మా వీధిలో అడిగిన ప్రతిసారీ సాయవ్వ గింజలు పోసేది. జోగు కేక వినగానే చాట పక్కన పెట్టి లేచేది. ఆమె చెయ్యి ఆగింది నేను చూసింది అప్పుడే. దోసిలి నిండా జొన్నలు పోస్తూ మా అత్తను అడిగేది.

"పిల్లకు నిద్ర పడ్తుందా అక్కా?"

"గోళి ఏస్తే పడ్తుంది."

"ఎట్ల పడ్తదంట? మెల్లగనా, ఒక్కపారి పడ్తదా?"

ఆమె ఎందుకంత గుచ్చి గుచ్చి అడుగుతుందో మాకు తట్టలేదు.

1941, మాఘం

సంక్రాంతి దాటాక నేను కాస్త తేరుకున్నాను. బాలమణికి జడ వేయగలిగాను. డాక్టరు గోళీ సగం చేయమన్నాడు, సగంతోనే నిద్ర పట్టింది. మా అత్త మొక్కు తీర్చేద్దామంది. మొదటి మంగళవారం జోగు పోసిన ఐదిళ్ళ ఆడవాళ్ళనూ పిలిచి పరమాన్నం పెట్టింది.

తప్పు ఇక్కడే జరిగింది. ఆమె నాతో గానీ కొడుకుతో గానీ చెప్పలేదు. గొట్టంలోంచి ఇంటికొకటి చొప్పున ఐదు గోళీలు తీసి, రోట్లో నూరి, పరమాన్నంలో కలిపింది.

ఆమె ఆలోచన ఆమెకు సరిగానే ఉంది. జోగు గింజలు పంచుకుని తినాలి. ఆ గింజలు ఇప్పుడు గోళీలయ్యాయి. కాబట్టి గోళీలు పంచాలి. ఒక్కతే తింటే మొక్కు చెల్లదు, కోడలి నిద్ర నిలవదు. అన్ని నెలలు దేవతకు అప్పుపడ్డానన్న బాధ ఆ ముసలిదాన్ని లోపల తినేస్తున్నదని మాకెవరికీ తెలియదు.

ఆడవాళ్ళు తిన్నారు, బాగుందన్నారు, ఆవలిస్తూ ఇళ్ళకు పోయారు. ఒకావిడ ఎండబెట్టిన పప్పుకు కాపలా కూర్చుని కునికిందట, మేక వచ్చి సగం తినిపోయిందట. మరొకావిడ ఆ రోజు ఒక్కపొద్దు కావడంతో తన దొప్ప కూడా సాయవ్వకే ఇచ్చేసింది. సాయవ్వ రెండు దొప్పలు తిని ఇంటికి పోయి లోపల పడుకుంది.

మరునాడు పొద్దున బీడీ సేటు గుమాస్తా వచ్చాడు. అరుగు ఖాళీగా ఉంది. తలుపు తట్టాడు, పలకలేదు. లోపలికి చూసి "సాయవ్వ సచ్చిపొయ్యింది!" అని కేక పెట్టాడు. చేతులు కదలకుండా ఉన్న సాయవ్వను చూసి ఎవరైనా అదే అనుకుంటారు. వీధి వీధంతా పోగైంది. ఎవరో కరీం సాబ్‌ను పిలుచుకొచ్చారు. ఆయన వంగి నాడి పట్టుకున్నాడు, కనురెప్ప ఎత్తి చూశాడు.

"బతికే ఉన్నది. నిద్రపోతుంది. నిన్న ఏం తిన్నది?"

మా అత్త గుంపులోంచి ముందుకొచ్చింది.

"నేనే పెట్టిన. తెల్లగోళి నూరి పాశంల ఏసిన. జోగు గింజలు సాబ్, పంచకుంటే ఎట్ల?"

కరీం సాబ్ ముఖం ఎర్రబడింది. ఆయన గొంతు పెంచడం నేను ఆ ఒక్కసారే విన్నాను.

"అమ్మా, ఇది ప్రసాదం కాదు, దవా! ఇంకొంచెం ఎక్కువైతే లేవకపోతుండె. ముసలోళ్ళు తిన్నా, పిల్లలు తిన్నా పానం పోతుండె. ఎవలకు రాసింది వాళ్ళే తినాలె!"

మా అత్త నేల మీద కూర్చుండిపోయింది. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పదలుచుకున్న జాగ్రత్త ఇదొక్కటే. మందు పంచుకునే వస్తువు కాదు, ఎంత ప్రేమతోనైనా సరే.

గుంపులో ఎవరో అన్నారు. "కోడలికి పిచ్చి పట్టిందంటే, ఇప్పుడు అత్తకు గుడ పట్టింది." గంగారాం ఆ మాట విన్నాడు. ఆ పూటే బండి మాట్లాడాడు. రేపు పొద్దున నేను కోటగిరికి పోవాలి. గోళీలు బంద్, జోగు బంద్, బాలమణి ఇక్కడే ఉండాలి. మా అత్త ఈసారి అడ్డం రాలేదు.

నేను నా రెండు చీరలు మూట కట్టాను. బాలమణి నా మూట మీద ఎక్కి కూర్చుని "నేను గుడ" అన్నది. దించాను. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దించాను. అప్పుడు కూడా నాకు లోపల ఏమీ కదల్లేదు.

మరునాడు పొద్దున

బండి వాకిట్లో నిలిచింది. ఎడ్లు కట్టారు. సాయవ్వ తన ఇంట్లోంచి బయటికి వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది, జుట్టు విడిపోయి ఉంది. చేతిలో చాట లేదు. ఉత్త చేతులతో ఆమె మరెవరో అనిపించింది. నేరుగా వచ్చి మా గడప మీద కూర్చుంది. ఎవరూ దాటి పోవడానికి వీల్లేకుండా.

"యాడికి తోలుతున్నవ్ గంగారాం, గీ పిల్లను?"

"పుట్టింటికి. నువ్వు లే సాయవ్వ. మా అమ్మ చేసిన పనికి మాఫ్ చెయ్యి."

"ఏం చేసింది మీ అమ్మ? నన్ను పండవెట్టింది. మా ఆయన మట్టి కింద వడ్డ కాన్నుంచి నేను పన్నది లేదు. కండ్లు మూస్తే మట్టి వడ్తది మీద. అందుకే బీడీలు చుడుత. మీరంత ఏమన్నరు? సాయవ్వ కష్టం జూడుండ్రి అన్నరు. కష్టం కాదు బిడ్డా. నిద్ర లేక."

బండివాడు ముల్లుకర్ర దించాడు.

"నిద్ర లేనోళ్ళను తోలేస్తరా? మరి నన్నెందుకు తోలలే? గిన్నేండ్లు నాకు ఉప్పు మిరపకాయ తూసిస్తివి గద. నేనేమన్న నిన్ను కరిసిన్నా? గీ పిల్లకు నిద్ర లేదని అందరికీ తెలిసింది, ఎందుకంటే ఆమె చేతుల పని ఆగింది. నా చెయ్యి ఆగలే, నాకు బీమారి ఉన్నదని ఎవలకు తెల్వలే. గంతే తేడా."

గంగారాం బండి దగ్గరకు పోయి తానే ఎడ్ల పలుపులు విప్పాడు. మూట తీసుకుని లోపల పెట్టాడు. బాలమణి మళ్ళీ దాని మీద ఎక్కి కూర్చుంది.

1941, ఎండాకాలం, ఆ తర్వాత

నా గొట్టంలో మిగిలినవి సాయవ్వకు ఇద్దామనుకున్నాను. కరీం సాబ్ ఒప్పుకోలేదు. మేమిద్దరం కలిసి నిజామాబాద్ పోయాం. బొగ్గుతో నడిచే బస్సు దారిలో రెండుచోట్ల ఆగింది. అదే బల్ల మీద కూర్చున్నాం. సాయవ్వకు ఖాళీ చేతులతో కూర్చోవడం తెలియక తన కొంగు అంచును బీడీలా చుడుతూ విప్పుతూ ఉంది. డాక్టరు ఆమెను చూసి అవే గోళీలు రాశాడు, సగం సగం.

"రాసిండు సరే, కొనేదెట్ల?" అంది బయటికి వచ్చాక. "కొన్నా గని, నేను పంటే బీడీలెవలు చుట్టాలె? పండుకునుడు గుడ ఉన్నోళ్ళకే పిల్లా."

జోగు ఎవరింటి మనిషి కోసం ఆ ఇంటివాళ్ళే అడగాలి. సాయవ్వ ఇంట్లో సాయవ్వ తప్ప ఎవరూ లేరు. మా అత్త ఒక రోజంతా ఆలోచించింది. ఐదిళ్ళ గింజలు కలిపి తిన్నాక అందరం ఒకే ఇంటివాళ్ళం కామా అంది. కానీ గంప పట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. పాశం సంగతి ఊరు మరిచిపోలేదు. ఆ మంగళవారం నేను పసుపు రాసుకుని గంప పట్టుకున్నాను.

మొదటి గడప మా దుకాణం. ముందు నిలబడి "ఎల్లమ్మ జోగు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గంగారాం తల ఎత్తి చూశాడు. బజారులో మనుషులు ఉన్నారు. ఆయన లేచి వడ్ల సంచి మూతి విప్పి, తక్కెడ వాడకుండా, రెండు దోసిళ్ళు నిండుగా పోశాడు. "ఇంకా ఎన్ని ఇండ్లు తిరుగుతవ్? ఎండ ముదురుతుంది, జల్ది రా" అన్నాడు.

ఆ గింజలతో ఒక గొట్టం వచ్చింది. ఒక్కటే. ఆ తర్వాత యుద్ధం ముదిరి ఎంత పోసినా గొట్టం దొరకలేదు. కరీం సాబ్ బావమరిది చేతులెత్తేశాడు. అప్పటికి నాకు గోళీతో పని తప్పింది. ఆ గోళీయే నన్ను గట్టెక్కించింది, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. సమయానికి దొరికింది కాబట్టి నేనిప్పుడు ఇలా రాస్తున్నాను. దొరకని వాళ్ళు ఎందరో నాకు తెలియదు.

ఆ ఒక్క గొట్టంలోంచే సాయవ్వ రోజూ సగం గోళీ పొద్దున్నే వేసుకుంటానంది. చీకటిలో కళ్ళు మూస్తే మట్టి కనిపిస్తుందట. వెలుతురులో, మనుషుల చప్పుడు వినిపిస్తుంటే భయం లేదట. అందుకని మా ఇంటి లోపలి గదిలో చాప వేశాం. బాలమణి గుమ్మం ముందు కూర్చుని ఎవరినీ పోనిచ్చేది కాదు. నేను ఎదురింటి అరుగు మీద సాయవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆకు కత్తిరించడం, తడిపిన ఆకులో తంబాకు సరిగ్గా పోయడం, మూతి మడవడం ఆమే నేర్పింది. నా బీడీలు కొన్ని లావు, కొన్ని సన్నం. మా అత్త పక్కన కూర్చుని దారం కట్టేది.

గుమాస్తా వచ్చి నా బీడీల్లో చాలా పక్కకు ఏరేశాడు. అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు.

"నువ్వు కిరాణం గంగారాం పెండ్లానివి గద? సాయవ్వ యాడ వొయ్యింది?"

"పన్నది" అన్నాను.

"పట్టపగలు పండుకునుడేంది? ఒంట్ల బాగలేదా?"

"గిన్నేండ్లు బాగలేకుండె అన్నా. ఇయ్యాల బాగున్నది. గట్టిగ మాట్లాడకు."

ఆయన నా వైపు విచిత్రంగా చూసి, ఏరేసిన వాటిలోంచి కొన్ని మళ్ళీ కట్టలో కలుపుకుని వెళ్ళిపోయాడు. మా ఇంటి గుమ్మంలో బాలమణి నోటి మీద వేలు పెట్టుకుని దారిన పోయే కోడిని కూడా గదమాయిస్తున్నది. నేను ఇంకో ఆకు తీసుకున్నాను. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆషాఢంలో పుట్టి ఏడవకుండా పోయిన పాప కోసం. ఎందుకు అప్పుడే వచ్చిందో తెలియదు. మా అత్త చూసి, ఇంకో బీడీకి దారం కట్టింది. కన్నీళ్ళు చాటలో ఆకుల మీద పడ్డాయి. తునికాకు ఎలాగూ తడిపే చుడతారు కాబట్టి, నేను చుడుతూనే ఉన్నాను.